రసీదు రాని ప్రార్థన

స్కూల్ హిస్టరీ పుస్తకంలో ఇండల్జెన్స్ అనే మాట మనకి ఒక్కసారే తగులుతుంది. 1517, జర్మనీ, మార్టిన్ లూథర్, 95 వాదాలు. "పాపాలు పోవడానికి చర్చి అమ్మిన చీటీలు" అని ఒక్క లైన్లో అర్థం రాసేస్తే మార్కులు వచ్చేస్తాయి. పరీక్ష అయిపోయాక ఆ మాటతో ఎవరికీ పని ఉండదు.

మా ఇంట్లో మాత్రం ప్రతి నవంబర్‌లో పని పడుతుంది. మా అమ్మ వాళ్లది ఫిరంగిపురం వైపు కథోలిక కుటుంబం. నాన్న వాళ్లది గుంటూరు లూథరన్ కుటుంబం. గుంటూరు జిల్లాలో ఇలాంటి ఇళ్లు చాలానే ఉంటాయి. ఆ పల్లెల్లో కథోలికులు ముందు నుంచే ఉన్నారు, 1842లో హయ్యర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చి పని మొదలుపెట్టారు. అలా జర్మనీలో ఐదు వందల ఏళ్ల కిందట మొదలైన తగాదా మన మిరపచేల దాకా వచ్చింది.

మా నానమ్మ లూథరన్. ఆవిడ పోయిన ఏడాది నవంబర్‌లో అమ్మ గుడిలో ఇచ్చే చనిపోయినవాళ్ల పేర్ల లిస్టులో నానమ్మ పేరు కూడా రాసింది. అది తెలిసి మా మేనత్త నొచ్చుకుంది. "వదినా, అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఇంకా ఆవిడ కోసం పూజలేంటి? ఆవిడకేదో బాకీ ఉన్నట్టు!" అంది. కోపంతో కాదు, బాధతో. అమ్మ ఏమీ అనలేదు. కానీ పేరు కొట్టేయలేదు.

అత్త అడిగింది మామూలు ప్రశ్న కాదు. దానికి జవాబు కావాలంటే మొదట అసలు కథోలికులు చేస్తున్నదేంటో సరిగ్గా తెలియాలి. ఆ ప్రయత్నమే ఈ వ్యాసం.

అడగడం ఎప్పటి నుంచి ఉంది?

ఇండల్జెన్స్ కంటే చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించడం చాలా పాతది. కథోలిక బైబిల్‌లో మక్కబీయుల రెండో గ్రంథం అని ఒకటి ఉంది. అందులో ఒక యుద్ధం తర్వాత యూదా మక్కబీ తన సైనికుల శవాలు పూడ్చడానికి వెళ్తాడు. చనిపోయినవాళ్ల బట్టల కింద విగ్రహాల తాయెత్తులు దొరుకుతాయి. తప్పు చేసి చచ్చారు కదా అని వదిలేయడు. చందా పోగుచేసి, సుమారు రెండు వేల వెండి నాణేలు యెరూషలేముకి పంపి, వాళ్ల పాపం కోసం బలి ఇప్పిస్తాడు. లూథరన్లూ బాప్టిస్టులూ చదివే 66 పుస్తకాల బైబిల్‌లో ఈ గ్రంథం లేదు. కథోలికుల 73 పుస్తకాల బైబిల్‌లో ఉంది. మా ఇంట్లో వాదన సగం ఇక్కడే ఆగిపోతుంది. ఎందుకంటే ఇద్దరూ తెరిచే పుస్తకం ఒకటి కాదు.

తర్వాత క్రీ.శ. 387లో రోమ్ దగ్గర ఓస్తియా అనే రేవు ఊళ్లో మోనికా అనే ఆవిడ చనిపోయింది. ఆవిడ సొంత ఊరు సముద్రానికి అవతల ఆఫ్రికాలో. శవాన్ని ఊరికి తీసుకెళ్లాలా అని కొడుకులు ఆలోచిస్తుంటే, శరీరాన్ని ఎక్కడ పెట్టినా పర్లేదు, పూజ దగ్గర మాత్రం నన్ను తలుచుకోండి అన్నట్టుగా చెప్పింది. ఆ కొడుకుల్లో ఒకాయనే అగస్టీన్. తన ఆత్మకథలో అమ్మ కోసం ప్రార్థిస్తూ, చదివేవాళ్లని కూడా ప్రార్థించమని అడిగాడు.

పదో శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠానికి పెద్దగా ఉన్న ఒడిలో, చనిపోయిన విశ్వాసులందరి కోసం నవంబర్ 2న ప్రార్థించాలని తన మఠాల్లో నియమం పెట్టాడు. అదే మెల్లగా అంతటా పాకింది. మన దగ్గర సమాధుల పండుగ అనేది అదే. ఆ రోజు సున్నం కొట్టిన సమాధుల మీద బంతిపూలు, కొవ్వొత్తులు గుంటూరులో అన్ని చర్చిల వాళ్లవీ కనిపిస్తాయి. మా అత్త కూడా వెళ్తుంది. కొవ్వొత్తి వెలిగించి దేవునికి కృతజ్ఞత చెప్పి వస్తుంది. నానమ్మ కోసం మాత్రం ఏమీ అడగదు.

క్షమించాక ఇంకేం మిగిలింది?

అత్త అన్న "బాకీ" అనే మాట దగ్గరికి వద్దాం. దేవుడు క్షమించాక ఇంకా శుద్ధి ఎందుకు?

మన బ్రాంచ్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్తాను. కోడ్‌లో ఒక బగ్ ఉంది. దాన్ని కనిపెట్టి సరిచేశాం. బగ్ పోయింది. కానీ అది నడిచిన రెండు నెలల్లో డేటాబేస్‌లో పడిన తప్పుడు ఎంట్రీలు ఎక్కడికి పోతాయి? కూర్చుని ఒక్కోటీ శుభ్రం చేయాలి. కథోలిక బోధలో క్షమాపణ అంటే బగ్ పోవడం. పాపం మనిషిలో వదిలేసిన వంకర, దానివల్ల జరిగిన నష్టం, ఇవి ఆ తప్పుడు ఎంట్రీలు. వాటిని బతికుండగా ప్రార్థనతో, ఉపవాసంతో, దానధర్మాలతో శుభ్రం చేసుకోవచ్చు. మిగిలితే చనిపోయాక శుద్ధి జరుగుతుంది. ఆ శుద్ధి స్థితినే తెలుగు కథోలికులు ఉత్తరించు స్థలం అంటారు. అది చిన్న నరకం కాదు. అక్కడున్నవాళ్లందరూ మోక్షం ఖాయమైనవాళ్లే.

ఇక ఇండల్జెన్స్ అంటే ఆ మిగిలిన భారంలో కొంతగానీ మొత్తంగానీ తీసేయడం. ఎవరి లెక్కలోంచి? క్రీస్తు, పునీతులు సంపాదించిన పుణ్యం ఉమ్మడి నిధిగా ఉందని, అందులోంచి అని కథోలిక జవాబు. నా బగ్ వల్ల పాడైన డేటాని టీమ్‌లో ఇంకొకడు రాత్రంతా కూర్చుని శుభ్రం చేయడం లాంటిది. పాపాన్ని క్షమించడం దీని పని కానే కాదు. అది ముందే జరిగుండాలి. చేయబోయే పాపానికి పర్మిషన్ అంతకన్నా కాదు.

పాత జపాల పుస్తకాల్లో ఒక్కో జపం కింద "100 రోజులు", "7 ఏళ్లు" అని ఉండేది. చనిపోయాక వంద రోజులు తగ్గుతాయని చాలామంది అనుకునేవాళ్లు. నిజానికి తొలి శతాబ్దాల్లో పాపం ఒప్పుకున్నవాళ్లకి నెలలు, ఏళ్ల తరబడి ఉపవాసం లాంటి శిక్షలు ఉండేవి. ఆ పాత పద్ధతిలో వంద రోజుల తపస్సుకి సమానం అని దాని అర్థం.

రసీదులు ఇచ్చిన కాలం

యూరప్‌లో కదిలే అచ్చు అక్షరాలతో వచ్చిన తొలి తేదీ ఉన్న ముద్రణల్లో ఇండల్జెన్స్ పత్రాలు ఉన్నాయి. 1454, 1455 నాటివి. పేరుకి, తేదీకి ఖాళీలు వదిలిన ఫారాలు. అడిగినవాళ్ల పేరు నింపి ఇచ్చేవాళ్లు. మనం రోజూ నింపే ఫారాలకి తాతలు అన్నమాట.

1476లో నాలుగో సిక్స్‌టస్ పోపు ఫ్రాన్స్‌లోని సెయింత్ అనే ఊరి గుడి మరమ్మతుల సందర్భంగా ఇండల్జెన్స్‌ని చనిపోయినవాళ్లకి కూడా వర్తింపజేశాడు. అయితే పోపుకి చనిపోయినవాళ్ల మీద అధికారం ఉందన్నట్టు కాదు, వాళ్ల తరఫున విన్నపం రూపంలో అని పెట్టాడు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో పని ఉంది.

ఆ తేడా సంతలో నిలబడలేదు. 1517కి రోమ్‌లో పునీత పేతురు మహాదేవాలయం కడుతున్నారు. మైంజ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ తన పదవి కోసం ఫుగ్గర్ బ్యాంకు దగ్గర అప్పు చేసున్నాడు. వచ్చిన డబ్బులో సగం గుడికి, సగం ఆ అప్పుకి. టెట్జెల్ అనే బోధకుడు ఊరూరా తిరిగాడు. పెట్టెలో నాణెం పడగానే ఆత్మ బయటపడుతుందన్నట్టు ప్రచారం జరిగింది. చనిపోయిన అమ్మానాన్నల కోసం పేదవాళ్లు డబ్బులిచ్చారు. లూథర్ వాదాల్లో ఒకటి దీన్ని నేరుగా పట్టుకుంటుంది. డబ్బు కోసం ఇన్ని ఆత్మల్ని విడిపించగలిగితే, ప్రేమ కోసం పోపు అందర్నీ ఎందుకు విడిపించడు అని. దీనికి ఆ రోజు ఎవరి దగ్గరా మంచి జవాబు లేదు.

చర్చి కూడా చివరికి కదిలింది. 1563లో ట్రెంట్ సభ, ఇండల్జెన్స్‌లు ఉంటాయి కానీ వాటి చుట్టూ ఉన్న నీచమైన సంపాదన పోవాలని తీర్మానించింది. 1567లో ఐదో పయస్ పోపు డబ్బుతో ముడిపడిన ఇండల్జెన్స్‌లన్నీ రద్దు చేశాడు. అంటే హిస్టరీ పుస్తకంలో ఉన్నది నిజమే, కాకపోతే కథ మధ్యలో ఆగిపోయింది.

ఇప్పటి రూల్స్

1967లో ఆరో పౌల్ పోపు మొత్తం పద్ధతిని మార్చారు. రోజులు, ఏళ్ల లెక్క తీసేశారు. ఇప్పుడు రెండే రకాలు, పూర్తి, పాక్షికం. అంతకుముందు నవంబర్ 2న గుడికి ఎన్నిసార్లు వెళ్తే అన్ని పూర్తి ఇండల్జెన్స్‌లు దొరికేవి. జనం లోపలికెళ్లి జపాలు చెప్పి, బయటికొచ్చి, మళ్లీ లోపలికి వెళ్లేవాళ్లు. అదొక లూప్. ఇప్పుడు రోజుకి ఒక్కటే పూర్తి ఇండల్జెన్స్.

నవంబర్ 1 నుంచి 8 వరకు ఏ రోజైనా సమాధుల తోటకి వెళ్లి చనిపోయినవాళ్ల కోసం ప్రార్థిస్తే పూర్తి ఇండల్జెన్స్ ఉంటుంది. అది చనిపోయినవాళ్లకి మాత్రమే చెందుతుంది. మనం దాచుకోలేం, బతికున్న ఇంకొకరికి ఇవ్వలేం. 2020లో కరోనా వల్ల సమాధుల దగ్గర జనం గుమిగూడకూడదని దీన్ని నవంబర్ నెలంతటికీ పొడిగించారు.

దీనికి తోడు కండిషన్లు ఉన్నాయి. పాపసంకీర్తనం చేయాలి. దివ్యసత్ప్రసాదం తీసుకోవాలి. పోపుగారి తలంపుల కోసం ప్రార్థించాలి. నాలుగోది, ఏ పాపం మీదా, చిన్న పాపం మీద కూడా, మనసులో మమకారం ఉండకూడదు. మొదటి మూడూ చేశామో లేదో చెప్పొచ్చు. నాలుగోది చెక్ చేసే ఫంక్షన్ ఎవరూ రాయలేరు. అది లేకపోతే పూర్తి కాస్తా పాక్షికం అవుతుంది. "ఆ నాలుగోదే కష్టం నాన్నా" అంటుంది అమ్మ. "మీ నానమ్మ కోసం అడగాలంటే ముందు మీ నానమ్మ మీద నాకున్న పాత కోపాలు వదలాలి కదా!"

వాళ్లిద్దరికీ పడిన మాటలు నాకూ కొన్ని గుర్తున్నాయి. అందుకే ఈ వాక్యం నాకు ఏ పోపు పత్రం కంటే పెద్దదిగా అనిపించింది.

డబ్బు ఇప్పుడు అస్సలు లేదా అని అడగొచ్చు. ఇండల్జెన్స్‌కి లేదు. చనిపోయినవాళ్ల పేరు మీద పూజ చెప్పించేటప్పుడు మాత్రం గుడికి కానుక ఇచ్చే ఆచారం ఉంది. వ్యాపారంలా కనిపించడం కూడా కూడదని, పేదవాళ్ల కోసం కానుక లేకుండానే పూజ చేయాలని చర్చి చట్టం గురువులకి చెప్తుంది. ఆ చట్టాన్ని కాపలా కాయాల్సిన అవసరం ఎప్పుడూ ఉంటుంది. దాన్ని గుర్తుచేసినందుకు లూథర్‌కి కథోలికులు కూడా రుణపడ్డారని నా అభిప్రాయం.

ఆర్డర్ కాదు, విన్నపం

ఇప్పుడు 1476 నాటి ఆ మాట దగ్గరికి. బతికున్నవాళ్ల విషయంలో చర్చి అధికారంతో ఇండల్జెన్స్ ఇస్తానంటుంది. చనిపోయినవాళ్ల విషయంలో అలా అనదు. విన్నవించుకుంటానంటుంది. ఫలానా రోజు ఫలానా ఆత్మ బయటపడిందని ఏ గురువూ చెప్పడు, చెప్పకూడదు. కొందరు మోక్షంలో ఉన్నారని ప్రకటించి చర్చి వాళ్లని పునీతులంటుంది. కానీ ఫలానా మనిషి ఉత్తరించు స్థలంలో ఉన్నాడని పేరు పెట్టి ప్రకటించదు. మన చేతిలో లేని సర్వర్‌కి రిక్వెస్ట్ పంపడం ఇది. రెస్పాన్స్ రాదు, స్టేటస్ కోడ్ రాదు.

అందుకే అత్త ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఇది. అమ్మ లిస్టులో పేరు రాయడం నానమ్మ మీద తీర్పు కాదు. ఆవిడ ఎక్కడుందో అమ్మకి తెలుసని కాదు. తెలియదు కాబట్టే అడుగుతోంది. అత్తకి క్రీస్తు సిలువ మీద అంతా తీర్చేశాడన్న నమ్మకం ఉంది. అమ్మకీ ఆ నమ్మకమే ఉంది. కాకపోతే ఆ తీర్చిన దాంట్లో మనల్ని కూడా ఒక చెయ్యి వేయనిస్తాడని అమ్మ నమ్మకం. 1999లో లూథరన్లు, కథోలికులు కలిసి మోక్షం దేవుని కృపవల్లే అని ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశారు. ఇండల్జెన్స్‌ల మీద మాత్రం ఇప్పటికీ ఒప్పందం లేదు. మా ఇంట్లోనూ లేదు.

నిరుడు అత్త అమ్మని ఒకటే అడిగింది. "పూజలో అమ్మ పేరు సరిగ్గా చదివారా వదినా, ఇంటిపేరుతో సహా?" సరిగ్గానే చదివారు.

నవంబర్ మొదటి వారం మనకి ల్యాబ్‌లు, మిడ్స్ ఉండే టైమ్. ఆ వారంలో మీ కథోలిక రూమ్మేట్ పొద్దున్నే కొవ్వొత్తుల ప్యాకెట్‌తో బయటికి వెళ్తే, ఏం కొనుక్కోవడానికి వెళ్తున్నాడో అనుకోకండి. ఎవరి కోసం అని అడగండి. ఒక పేరు చెప్తాడు.