పటాన్‌చెరులో దాచిన సోమాలియా జొన్న

2002. అఫ్గానిస్థాన్‌లో తాలిబన్లు గద్దె దిగి నెలలే అయింది. ఏళ్ల తరబడి సాగిన యుద్ధాల మధ్య ఘజ్నీ, జలాలాబాద్‌లలోని ఇళ్లలో దాచిన విత్తనాల కోసం వెళ్లి చూస్తే... గింజలన్నీ నేలపాలు! దొంగలు ఎత్తుకెళ్లింది విత్తనాలను కాదు, అవి పోసి ఉంచిన డబ్బాలనూ సీసాలనూ!

కూలిన వంతెనను మళ్లీ కట్టొచ్చు. బడినీ ఆసుపత్రినీ లేపొచ్చు. తరతరాలుగా రైతులు ఏరి కాపాడుకున్న విత్తనం పోతే మాత్రం ఏ కాంట్రాక్టరూ కట్టివ్వలేడు. ఎక్కడో ఒకచోట అదే రకం మిగిలి ఉండాలి. అలాంటి చోటు ఒకటి మన సంగారెడ్డి జిల్లాలోనే ఉంది.

చల్లని గాదె

పటాన్‌చెరు అనగానే మందుల ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి. వాటికి దగ్గర్లోనే 1972లో ఏర్పాటైన మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌ ఉంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలు... 144 దేశాలకు చెందిన 1.2 లక్షలకు పైగా నమూనాలు దాని జన్యు బ్యాంకులో భద్రంగా ఉన్నాయి. గింజల్లో తేమ బాగా తగ్గేదాకా ఆరబెట్టి, కొన్నింటిని 4 డిగ్రీల చలిలో ఉంచుతారు. దీర్ఘకాలం దాచాల్సినవాటిని గాలి చొరబడని అల్యూమినియం పొట్లాల్లో కట్టి, మైనస్‌ 20 డిగ్రీల్లో పెడతారు. మొలకశాతం తగ్గితే మళ్లీ పొలంలో వేసి కొత్త గింజ తీస్తారు. పక్క రకం పుప్పొడి సోకకుండా జొన్న కంకులకు కాగితపు సంచులు తొడుగుతారు.

పుట్టింటికి

1991లో సోమాలియాలో ప్రభుత్వం కూలి, అంతర్యుద్ధం చెలరేగింది. అఫ్గోయ్‌, బైదోవాల్లోని విత్తన నిల్వలు లూటీ అయ్యాయి. కానీ ఆ దేశపు జొన్నలు అప్పటికే పటాన్‌చెరు చేరి ఉన్నాయి. అలా 445 జొన్న నమూనాలు ఇక్కణ్నుంచి సోమాలియాకు తిరిగి దక్కాయి.

తిండిగింజలు ఓడల్లో ఎన్ని దిగినా అవి ఆ పూట కడుపు నింపుతాయి. ఆ నేలకూ, ఆ వానకూ, ఆ ఇంటి వంటకూ అలవాటుపడిన విత్తనం ఉంటేనే మరుసటి ఏడాది రైతు ఎవరినీ చెయ్యి చాచకుండా బతుకుతాడు.

అలాగని విత్తనాలు పంచిపెడితే పనైపోదు. 1994 మారణకాండ తర్వాత రువాండాలో పరిశీలిస్తే చిక్కుడు రకాలు చాలావరకు రైతుల దగ్గరా, ఊరి సంతల్లోనూ మిగిలే ఉన్నాయి. చాలామందికి లేనిది వాటిని కొనే డబ్బు! ఏది పోయిందో, ఏది మిగిలిందో ముందు రైతునే అడగాలన్నది అక్కడ నేర్చుకున్న పాఠం.

గాదెకూ ఓ గాదె

మరి జన్యు బ్యాంకుకే ఆపద వస్తే? సిరియా యుద్ధంతో అలెప్పో దగ్గరి ఇకార్డా సంస్థకు అదే జరిగింది. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్‌ మంచుకొండల్లో తాను దాచుకున్న విత్తనాలను 2015లో వెనక్కి తెచ్చుకుంది. 2008లో ఆ ఖజానా తెరిచాక అందులోంచి విత్తనాలు బయటికి తీయడం అదే మొదటిసారి.

పటాన్‌చెరు విత్తనాల నకళ్లూ అక్కడ ఉన్నాయి. దానం చేసే చేతికీ ఓ రోజు అవసరం పడొచ్చు. మన పెద్దలు ఎంత కరవొచ్చినా విత్తనపు గింజలు వండుకోకూడదనేవారు. ఆ మాటను ఇక్కడ దేశాల కోసం పాటిస్తున్నారు!