పపైన్: బేరానికి తూకం చాలదు

పచ్చి బొప్పాయి కాయకు గాట్లు పెట్టగా కారే పాలను ఆరబెట్టి పపైన్ తయారుచేస్తారు. మాంసకృత్తులను విడగొట్టే ఈ ఎంజైము మాంసాన్ని మెత్తబరచుటకు, చల్లబరచిన బీరు మసకబారకుండుటకు, అరుగుదల మందుల తయారీకి వాడబడుతోంది.

ఈ సరుకు విలువ కిలోలలో లేదు. పొడిలో మిగిలిన ఎంజైము శక్తిలో ఉన్నది. దానిని యూనిట్లలో లెక్కిస్తారు. ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువైనా, పాలకు ఇనుము తగిలినా, గోదాములో చెమ్మ పట్టినా శక్తి తరిగిపోతుంది. చెమ్మ పట్టిన సరుకు తూకం మాత్రం పెరుగుతుంది!

కిలోకు 10 శాతం చవక అని కొన్న సరుకులో యూనిట్లు 20 శాతం తక్కువైతే కొన్నవారికి నష్టమే. పరీక్ష పద్ధతిని బట్టి యూనిట్ల అంకె కూడా మారుతుంది. కనుక లాటువారీ పరీక్ష పత్రంలో పద్ధతి, తేదీ రెండూ చూచి, ధరను యూనిట్ల లెక్కన ఖాయం చేసుకొనడం వర్తకులకు క్షేమం.