ఫోనుతో తీసిన వెండితెర చిత్రం

షాన్ బేకర్ దర్శకత్వంలో లాస్ ఏంజెలెస్ వీధుల్లో రూపొంది, 2015లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శితమైన ‘టాంజెరిన్’ చిత్రాన్ని ఐఫోన్ 5ఎస్ ఫోన్లతో తీశారు. ఫోను కెమెరా వెలుతురునూ ఫోకస్‌నూ తనంతట తానే మార్చుకుంటూ పోతే ఒకే షాట్‌లో పాత్రధారి ముఖం ఒకసారి మెరిసి మరొకసారి నల్లబడుతుంది కనుక, ఆ రెండింటినీ మనం కోరినచోట నిలిపి ఉంచే ‘ఫిల్మిక్ ప్రో’ యాప్‌ను వాడి, సినిమాకు అలవాటైన సెకనుకు 24 ఫ్రేముల వేగంతో చిత్రీకరించారు. అన్నిటికన్నా మెచ్చదగిన నిర్ణయం ధ్వనిని ఫోనుకు వదలకుండా విడిగా రికార్డు చేయడం. ఎందుకంటే ప్రేక్షకుడు కొంత మసకను సహిస్తాడు గాని, వినబడని సంభాషణను సహించడు. దృశ్యాన్ని అడ్డంగా కుదించి పట్టి, ఎడిటింగ్‌లో తిరిగి వెడల్పు చేయనిచ్చే అనామార్ఫిక్ లెన్స్‌ను ఫోనుకు తగిలించడంతో వెండితెర విస్తృతి వచ్చింది. చేతి కుదుపులను స్టెడీకామ్ పరికరం తగ్గించింది.