బీపీ తగ్గిందని ఆ గోలీ ఆపకండి

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఇళ్లలో మందుల డబ్బా ఒకటే ఉంటుంది. ఆశా కార్యకర్త తెచ్చిచ్చిన గోలీలూ, హైదరాబాద్‌లో గుండె డాక్టరు రాసినవీ అందులోనే కలిసిపోతాయి. అన్నిటికీ పెట్టిన పేరు ‘బీపీ గోలీ’. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఆ డబ్బాలో బీటా బ్లాకర్ అనే రకం ఉంటే దాని పద్ధతి వేరు, వాడే తీరూ వేరు. గుర్తుపట్టడం కష్టం కాదు. స్ట్రిప్ వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదివించుకోండి. అటెనొలాల్, మెటొప్రొలాల్, బిసొప్రొలాల్, కార్వెడిలాల్, నెబివొలాల్, ప్రొప్రనొలాల్... పేరు చివర ‘లాల్’ వినిపిస్తే అది బహుశా ఈ కుటుంబానిదే. కొన్ని గోలీల్లో ఇది వేరే మందుతో కలిసి ఉంటుంది. స్టామ్లో బీటాలో ఎమ్లోడిపిన్‌తో పాటు అటెనొలాల్ కూడా ఉంది.

“బీపీ నార్మల్‌కొచ్చింది, ఇగ గోలీ ఎందుకు?”

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. బీపీ నార్మల్‌గా ఉన్నది గోలీ పనిచేస్తున్నందుకు. ఏ బీపీ మందు ఆపినా బీపీ మళ్లీ పెరుగుతుంది. బీటా బ్లాకర్‌తో మాత్రం ఇంకో ముప్పుంది. మన ఒంట్లో ఊరే ఎడ్రినలిన్ గుండె మీద కొన్ని గ్రాహకాలను తట్టి, దాన్ని వేగంగా, గట్టిగా కొట్టుకునేలా చేస్తుంది. ఈ మందు ఆ గ్రాహకాలను మూసి ఉంచుతుంది. నెలల తరబడి మూసి ఉంచితే శరీరం గ్రాహకాల సంఖ్యను పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగిందంటే పెరిగిన గ్రాహకాలన్నిటి మీదా ఎడ్రినలిన్ ఒకేసారి పనిచేస్తుంది. గుండె దడదడలాడుతుంది, బీపీ ఎగబాకుతుంది. గుండె రక్తనాళాల్లో పూడికలున్నవాళ్లకు ఛాతీ నొప్పి రావచ్చు, గుండెపోటు కూడా రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ హెచ్చరికను అటెనొలాల్ లాంటి కొన్ని మందుల వివరాల్లో ప్రత్యేకంగా గడి గీసి మరీ వేయిస్తుంది.

కావాలని ఆపేవాళ్లకంటే తెలియక ఆపేవాళ్ల గురించే నాకు ఎక్కువ దిగులు. పెండ్లికి పోతూ స్ట్రిప్ మరిచిపోతారు. గోలీలు అయిపోతాయి, పట్నం పోయే వీలు దొరకదు. ఇంకా వారానికి సరిపడా ఉండగానే మళ్లీ తెచ్చుకోవడం తప్ప దీనికి దారి లేదు. నిజంగా ఆపాల్సి వస్తే డాక్టరే ఒకటి రెండు వారాల్లో మెల్లగా మోతాదు తగ్గిస్తారు. ఆపరేషన్ ముందు కూడా సొంతంగా మానేయకండి, వాడుతున్నట్టు ముందే చెప్పండి. ఒక పూట మరిచిపోయి అదే రోజు గుర్తొస్తే వేసుకోవచ్చు. తర్వాతి గోలీ వేళ దగ్గరపడితే పోయినదాన్ని వదిలేయండి, రెండూ కలిపి మాత్రం మింగకూడదు.

“బాపుకు రాసిన గోలీయే, నాకూ బీపీయే గదా”

బాపుకు గుండెపోటు వచ్చినందుకు రాసి ఉండొచ్చు. వేరే జబ్బేదీ లేని మామూలు బీపీకి బీటా బ్లాకర్ సాధారణంగా మొదటి మందు కాదు. 2002లో వెలువడిన లైఫ్ అధ్యయనంలో లొసార్టన్ వాడినవాళ్లకంటే అటెనొలాల్ వాడినవాళ్లలో పక్షవాతం ఎక్కువగా కనిపించింది. 2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమంలో తొలి విడతలోనే తెలంగాణ ఉంది. అందులోనూ ప్రధానంగా వాడేవి ఎమ్లోడిపిన్, టెల్మిసార్టన్ లాంటి మందులే. ఛాతీ నొప్పి, గుండె లయ తప్పడం, గుండె పంపింగ్ తగ్గడం లాంటివి తోడైనప్పుడు బీటా బ్లాకర్ ముందుకొస్తుంది.

“పంపింగ్ తక్కువున్నోళ్లకు ఇది పనికిరాదు”

ఒకప్పుడు డాక్టర్లూ ఇదే మాట అనేవారు. స్కాట్లాండ్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ 1960ల్లో ప్రొప్రనొలాల్‌ను రూపొందించారు. 1988 నోబెల్ బహుమతి అందుకున్నవాళ్లలో ఆయనొకరు. అలసిన గుండెను ఈ మందు ఇంకా కుంగదీస్తుందన్న భయం చాలా ఏళ్లు ఉండేది. 1970ల్లో స్వీడన్ డాక్టర్లు ధైర్యం చేసి వాడి చూశారు. 1999 నాటికి మెరిట్ హెచ్ఎఫ్ అధ్యయనంలో దాదాపు 4 వేల మంది రోగుల మీద మెటొప్రొలాల్ సక్సినేట్‌ను పరీక్షిస్తే మరణాలు 34 శాతం తగ్గాయి. బిసొప్రొలాల్, కార్వెడిలాల్ కూడా అలాంటి మేలే చేశాయి. షరతు ఒకటుంది. చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి వారాల తరబడి కొంచెం కొంచెంగా పెంచాలి. మొదట్లో నీరసం అనిపించొచ్చు. ఆయాసం ఎక్కువైనా, కాళ్లు వాచినా, బరువు గబగబా పెరిగినా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. నిదానంగా విడుదలయ్యే రకం గోలీని నమలకూడదు, నూరకూడదు.

“నాడి నెమ్మదించింది, గుండె ఆగిపోతదేమో”

నాడి నెమ్మదించడం ఈ మందు చేసే పనుల్లో ఒకటి. 50, 60 మధ్య ఉండి మనిషి హుషారుగా ఉంటే సాధారణంగా భయపడక్కర్లేదు. 50 కంటే తక్కువకు దిగినా, తల తిరిగినా డాక్టరుకు చెప్పాలి. స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయాలి. వెరపమిల్, డిల్టియాజెమ్ అనే మందులు కూడా గుండె వేగాన్ని తగ్గిస్తాయి. బీటా బ్లాకర్‌తో కలిస్తే నాడి మరీ పడిపోవచ్చు. అందుకే ఇద్దరు డాక్టర్ల దగ్గర చూపించుకునేవాళ్లు రెండు చీటీలూ ఇద్దరికీ చూపించాలి.

“షుగర్, ఉబ్బసం ఉన్నోళ్లు ముట్టనే వద్దు”

ఇది సగమే నిజం. ఉబ్బసం ఉంటే ప్రొప్రనొలాల్ లాంటివి ఊపిరి గొట్టాలను బిగించగలవు, ఇన్‌హేలర్‌నూ పనిచేయనివ్వవు. నీటికాసులకు వేసే టిమొలాల్ చుక్కలు కూడా ఈ జాతివే, కంట్లోంచి రక్తంలోకి చేరతాయి. కంటి డాక్టరుకు ఉబ్బసం సంగతి చెప్పాలని చాలామందికి తోచదు. పొగవల్ల ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు మాత్రం, గుండె కోసం అవసరమైతే బిసొప్రొలాల్ లాంటివి డాక్టరు కనిపెట్టుకుంటూ ఇస్తారు.

షుగర్‌కు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ గానీ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే వణుకూ దడా ఈ మందు వల్ల బయటికి తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. కారణం లేకుండా చెమటలు పడితే వెంటనే షుగర్ పరీక్షించుకోండి, మీటరు లేకపోతే ముందు చక్కెర తినండి. ఉపవాసాల రోజుల్లో ఇది మరీ ముఖ్యం.

“మగతనం పోతది”

ఈ భయంతో ఇంట్లో కూడా చెప్పకుండా గోలీ మానేసేవాళ్లున్నారు. 2003లో ఇటలీ పరిశోధకులు 96 మంది మగవాళ్లను మూడు గుంపులు చేసి అందరికీ అటెనొలాల్ ఇచ్చారు. ఏ మందో తెలియని 32 మందిలో ఒక్కరికే ఇబ్బంది వచ్చింది. మందు పేరు తెలిసినవాళ్లలో ఐదుగురికి, ఇలాంటి సమస్య రావొచ్చని ముందే చెప్పినవాళ్లలో 10 మందికి వచ్చింది. భయమే చాలావరకు పనిచేసిందన్నమాట. నిజంగా సమస్య ఉంటే సిగ్గుపడకుండా అడగండి, మందు మార్చే వీలుంది. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వాడేవాళ్లు మాత్రం ఈ సమస్యకు వాడే సిల్డెనాఫిల్‌ను సొంతంగా కొని వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

“గుండెపోటు తర్వాత ఇది దండగని తేలిందట”

వార్త పూర్తిగా అబద్ధమేమీ కాదు. గుండెపోటు వచ్చినా పంపింగ్ బాగానే ఉన్న 5 వేల మందిపై చేసిన రెడ్యూస్ ఎఎంఐ అధ్యయనం 2024లో వెలువడింది. బీటా బ్లాకర్ వల్ల అదనపు మేలు అందులో కనబడలేదు. అదే ఏడాది వెలువడిన ఫ్రాన్స్ ఎబిస్ అధ్యయనం మాత్రం ఇప్పటికే వాడుతున్నవాళ్లు మానేయడం క్షేమమని చూపలేకపోయింది. పంపింగ్ తగ్గినవాళ్లకు ఈ చర్చ వర్తించదు. మీ ఎకో రిపోర్టులో పంపింగ్ ఎంత శాతం ఉందో చూసి, ఈ గోలీ ఇంకా అవసరమా అని తదుపరి చెకప్‌లో డాక్టరును అడగండి. అప్పటిదాకా రోజూ వేళకు వేసుకోవాల్సిందే.