నెయ్యి ముక్క వాసన రాకుండా

కిలో నెయ్యి కావాలంటే సుమారు 15 లీటర్లకు పైగా గేదెపాల మీగడ కావాలి. ఒక్క గేదె మీద నడిచే ఇంట్లో అది చిన్న సంగతి కాదు. పాలకేంద్రానికి పోయగా మిగిలిన పాలలో నుండి మీగడ తీసి, తోడేసి, చిలికి, కాచి, పురిటికి వచ్చే కుమార్తె కోసమో, క్రిస్మస్ పిండివంటల కోసమో మన తల్లులు దాచి ఉంచుతారు. తీరా రెండు నెలలు గడిచాక మూత తీస్తే ముక్క వాసన! గ్రామాలలో కుటుంబాలను దర్శించేటప్పుడు ఈ మాట మేము చాలా ఇళ్ళలో విన్నాము. గేదె మేత మంచిది కాదనేవారు కొందరు. ఎవరి కన్నో పడిందనేవారు మన విశ్వాసుల ఇళ్ళలో సైతం ఉన్నారు. ప్రియ సహోదరీలారా, కన్ను పడితే నెయ్యి పాడవదు, నీళ్ళు పడితే పాడవుతుంది.

వెన్నలో ఆరో వంతు, ఒక్కొక్కసారి అంతకంటె ఎక్కువ, నీరే ఉంటుంది. దానితోపాటు కొంచెం మజ్జిగ కూడా ఉంటుంది. వెన్న కాచడమంటే ఆ నీటిని వెళ్ళగొట్టడమే. సరిగ్గా కాగిన నేతిలో నీరు అర శాతం కూడా ఉండదు. అందుకే అది బయట పెట్టినా నిలుస్తుంది. కనుక నెయ్యి ఎన్నాళ్ళు నిలిచేదీ సీసాలో పోసినప్పుడు కాదు, పొయ్యి మీద ఉన్నప్పుడే సగానికి సగం తేలిపోతుంది.

కాగింది లేనిదీ చెవితో తెలుసుకోవచ్చు. నీరు ఉన్నంతసేపు చిటపటలాడుతుంది. ఆ చప్పుడు తగ్గి, పైన సన్నని నురుగు మళ్ళీ లేచి, అడుగున గసి లేత గోధుమరంగుకు తిరిగి, కమ్మని వాసన రాగానే దించాలి. ముందే దించితే నీరు మిగులుతుంది, ఆలస్యమైతే మాడు వాసన వస్తుంది. సన్నని సెగ మీదే కాచాలి, తొందర పనికిరాదు. దించేముందు మునగాకో, కరివేపాకో, తమలపాకో వేయడం మన పెద్దల పద్ధతి. ఆకు గలగలలాడేటట్లు వేగిందంటే నీరు పోయినట్లే. పైగా ఈ ఆకులలో నెయ్యి త్వరగా ముక్కిపోకుండా ఆపే గుణం కొంత ఉన్నది. మన అమ్మమ్మలు ఊరికే వేయలేదు.

మీగడ సంగతి కూడా చెప్పాలి. పది పన్నెండు రోజులు బయట ఉంచి, పులిసి వాసన వచ్చిన మీగడతో చేసిన నెయ్యి ఎంత కాచినా నిలవదు. ఫ్రిజ్ లేని ఇంట్లో రెండు మూడు రోజులకొకసారి చిలికి, వెన్నను మంచి నీళ్ళతో కడిగి, అప్పటికప్పుడే కాచుకోవడం మేలు. కొంచెమే కదా అని బద్ధకించవద్దు.

కాచిన నెయ్యిని గోరువెచ్చగా ఉండగా పొడిబట్టతో వడకట్టాలి. గసి ఒక్క చెంచా మిగిలినా అక్కడినుండే పులుపు మొదలవుతుంది. (ఆ గసిలో బెల్లం కలిపి ఇస్తే పిల్లలు వదలరు.) పూర్తిగా చల్లారకుండా మూత బిగిస్తే ఆవిరి మూతకు పట్టి, నీటిబొట్లై తిరిగి నేతిలోనే పడుతుంది. చల్లారేదాకా పలుచని గుడ్డ కప్పి ఉంచండి.

ఎండబెట్టిన గాజు సీసా, స్టీలు డబ్బా, పింగాణి జాడీ, ఏదైనా మంచిదే. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలు మాత్రం వద్దు. వాటిలో నెయ్యి పచ్చబారుతుంది, త్వరగా చెడుతుంది కూడా. గాలి, వెలుతురు, వేడి ఈ మూడూ నేతికి విరోధులే. కాబట్టి పెద్ద డబ్బాలో సగం నింపి ఉంచడం కంటె చిన్న సీసాలలో మూతి దాకా నింపి, పొయ్యికి దూరంగా చీకటి అలమారలో పెట్టండి. రోజూ వాడుకోవడానికి ఒక చిన్న గిన్నెలోకి తీసుకుంటే చాలు. భోజనాల దగ్గరికి పెద్ద సీసానే తెచ్చి, అన్నం అంటిన చెంచాతోనే మళ్ళీ మళ్ళీ తీసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. మా అనుభవంలో ఎక్కువ నెయ్యి చెడేది ఇక్కడే.

ఎండాకాలం నెయ్యి కరిగితే చెడిందని భయపడనక్కరలేదు. అది దాని సహజగుణం. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా ఎక్కువకాలం నిలుస్తుంది గాని, తీసి పెట్టి తీసి పెట్టి చేస్తే లోపల చెమ్మ పడుతుంది.

ముక్క వాసన వచ్చినదాన్ని మళ్ళీ కాస్తే వాసన కొంత తగ్గవచ్చును, నెయ్యి బాగుపడదు. దాన్ని కొత్త నేతిలో కలిపితే కొత్తది కూడా పోతుంది. పాత నెయ్యి మందు అని కొందరు చెబుతారు. ఆయుర్వేద వైద్యులు పద్ధతి ప్రకారం నిలవచేసేది వేరు, మన అలమారలో చెడిపోయినది వేరు. పసిపిల్లలకు, బాలింతలకు అటువంటిది పెట్టవద్దు. ప్రతి సీసా మీద కాచిన తేదీ రాసిన చీటీ అంటించి, ముందు కాచినదాన్ని ముందుగా వాడుకోండి. ఆ తేదీ రాసే పని బడికి వెళ్ళే పిల్లలకు అప్పగిస్తే సంతోషంగా చేస్తారు.