రాయవెల్లూరు నేర్పిన పాఠం

మేముండే ఊరిని తమిళంలో వేలూరు అంటారు. చిత్తూరు, కడప జిల్లాల నుంచి వచ్చే మనవాళ్లు మాత్రం ఇప్పటికీ రాయవెల్లూరు అనే అంటారు. ఆ పల్లెల్లో డాక్టరు "ఇక రాయవెల్లూరికి తీసుకుపోండి" అన్నాడంటే జబ్బు పెద్దదని అర్థం. "రాయవెల్లూరులో కూడా చూపించాం" అన్నారంటే చేయగలిగిందంతా చేశామని అర్థం. కాట్పాడి స్టేషన్‌లో దిగి, ఒక చేత్తో పాత ఎక్స్‌రేల కవరు, ఇంకో చేత్తో ముసలి తల్లి చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి దారి అడిగే మనవాళ్లు ఈ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరికీ ఎదురయ్యే ఉంటారు.

ఆ ఆసుపత్రీ, దానితోపాటు ఉన్న క్రైస్తవ వైద్య కళాశాలా ఒకప్పుడు మూతపడే స్థితికి వచ్చాయని చాలామందికి తెలియదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తుకు రావడానికి ఒక కారణం ఉంది. పోయిన నెల మా సంఘం కార్యవర్గ సమావేశంలో ఆదివారం తెలుగు తరగతి గురించి మాట వచ్చింది. ఒకప్పుడు వరండా నిండా కూర్చున్న పిల్లలు ఇప్పుడు ఒక చాపకు సరిపోతున్నారు. "ఇక ఆపేద్దాం" అని ఒకరన్నారు. "పక్కింటి తమిళ పిల్లల్నీ, తెలుగు మాట్లాడడం రాని మన పిల్లల్నీ కూడా రానిద్దాం, పాఠాలు కొత్తగా రాసుకుందాం" అని ఇంకొకరన్నారు. "అప్పుడది మన తరగతి ఎలా అవుతుంది?" అని పెద్దాయన ఒకరు లేచారు. మాట తేలకుండానే కాఫీలు తాగి ఇళ్లకు వచ్చాం. నడిచి వస్తుంటే 1938 నాటి రాయవెల్లూరు నాకు గుర్తుకొచ్చింది.

మూడు చావుల రాత్రి

కథ మొదలు నుంచి చెప్పుకుంటేనే 1938 అర్థమవుతుంది. ఐడా స్కడర్ 1870లో ఇక్కడికి దగ్గర్లోని రాణిపేటలో పుట్టారు. ఆమె తాత జాన్ స్కడర్ అమెరికా నుంచి మన దేశానికి వచ్చిన తొలి మిషనరీ వైద్యుడు. తండ్రీ వైద్యుడే. ఆమెకు మాత్రం ఈ దేశంలో ఉండాలనే కోరిక లేదు. చదువు ముగించుకుని తల్లిదండ్రులను చూడడానికి తిండివనం వచ్చినప్పుడు ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ కానుపు రాక అవస్థ పడుతున్నారు. "మా నాన్నగారు డాక్టరు, ఆయన వస్తారు" అని ఐడా చెప్పినా, పరాయి మగవాడిని లోపలికి రానివ్వలేమని ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లవారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు.

ఆ రాత్రి ఆమె మనసు మారింది. అమెరికా వెళ్లి 1899లో కార్నెల్‌లో వైద్య పట్టా తీసుకున్నారు. 1900లో తిరిగి వచ్చి, ఒకే ఒక్క పడకతో వైద్యం మొదలుపెట్టారు. 1902లో 40 పడకల షెల్ ఆసుపత్రి వచ్చింది. 1909లో నర్సుల బడి వచ్చింది. గుడియాత్తం రోడ్డు మీద చెట్ల కింద ఆగి పల్లెజనానికి మందులివ్వడం కూడా ఆ రోజుల్లో మొదలైనదే.

ఒక్క డాక్టరమ్మ ఎంతమందికని సరిపోతుంది? అందుకని 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల పెట్టారు. ఆరుగురు చేరతామంటే మొదలుపెట్టుకోమని మద్రాసు వైద్యశాఖ అధికారి అన్నారట. వచ్చిన దరఖాస్తులు 151! తొలి ఏడాది పరీక్షలో మగ పిల్లలు అయిదుగురిలో ఒకరు కూడా సరిగా గట్టెక్కని చోట, ఆమె శిష్యురాళ్లు 14 మందికి 14 మందీ పాసయ్యారని ఇప్పటికీ ఇక్కడ గర్వంగా చెప్పుకుంటారు.

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడక ముందు అందులో చాలా ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగమేనని గుర్తు చేసుకుంటే, ఈ కథలో మనవాళ్ల పాలు ఎంతో తెలుస్తుంది. స్కడర్ల ఆర్కాటు మిషన్ మదనపల్లెలోనూ ఆసుపత్రి నడిపింది. ఇటు తమిళ పల్లెలకూ, అటు తెలుగు పల్లెలకూ డాక్టరమ్మలు ఒకేలా కరువు.

ఒక ఉత్తర్వు

ఆ పాఠశాల ఇచ్చేది ఎల్.ఎం.పి. పెద్దవాళ్లకు ఈ అక్షరాలు బాగా తెలుసు. మన పల్లెల్లో ఒకప్పుడు వైద్యం చేసిన డాక్టర్లలో చాలామంది ఎల్.ఎం.పి.లే. ఎం.బి.బి.ఎస్. కన్నా తక్కువ చదువు, తక్కువ ఖర్చు. 1930ల చివర మద్రాసు ప్రభుత్వం ఈ చదువు ఎత్తేయాలని నిర్ణయించింది. డాక్టరంటే విశ్వవిద్యాలయం పట్టా ఉన్నవాడే కావాలన్నది దాని ఆలోచన. మద్రాసు రాయపురంలోని ప్రభుత్వ వైద్య పాఠశాల 1938లోనే స్టాన్లీ వైద్య కళాశాలగా మారింది. దానికి సర్కారు ఖజానా ఉంది. రాయవెల్లూరు పాఠశాలకు ఏముంది? చందాలు ఉన్నాయి, ప్రార్థనలు ఉన్నాయి, అంతే. ఎల్.ఎం.పి.లో కొత్త పిల్లలను చేర్చుకోకూడదు. కళాశాలగా పెరగాలి, లేదా మూసుకోవాలి.

పెరగడమంటే బోర్డు మార్చడం కాదు. పెద్ద పట్టాలున్న ఆచార్యులు కావాలి. అప్పటిదాకా పాఠాలు చెప్పినవాళ్లలో చాలామందికి విశ్వవిద్యాలయం అడిగే పట్టాలు లేవు. ప్రయోగశాలలు కావాలి. ఆసుపత్రిని 500 పడకలకు పెంచాలి. ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం మొదలైన ఆసుపత్రిలో అన్ని రకాల రోగులనూ చూడాలి. ఇదంతా చేయడానికి డబ్బు ఎక్కడ? చూస్తుండగానే 1939లో యుద్ధం వచ్చింది. ఓడల రాకపోకలు దుర్లభమయ్యాయి. ఇచ్చే చేతులు కూడా దూరమయ్యాయి.

ఇక్కడ ఒక్కమాట న్యాయంగా చెప్పుకోవాలి. ఆ ఉత్తర్వు చెడ్డదని అనలేం. పల్లెవాడికి ఒక రకం డాక్టరూ పట్నంవాడికి ఇంకో రకం డాక్టరూ ఎందుకుండాలి? 1946లో భోర్ కమిటీ కూడా దేశమంతటికీ ఒకే స్థాయి వైద్య విద్య ఉండాలనే చెప్పింది. దెబ్బ తగిలినప్పుడు కొట్టినవాణ్ణి తిట్టుకుంటూ కూర్చోవడం సులువు. కొట్టినవాడి మాటలో నిజం ఉందేమో చూడడం కష్టం. రాయవెల్లూరు వాళ్లు ఆ కష్టమైన పనే చేశారు.

డెబ్బై ఏళ్ల ప్రయాణం

1941లో ఐడా స్కడర్ అమెరికా బయలుదేరారు. అప్పటికి ఆమెకు డెబ్బై నిండాయి. మన ఇళ్లలో ఆ వయసు పెద్దవాళ్లను పక్క ఊరి పెళ్లికి కూడా ఒంటరిగా పంపం. ఆమె ఊరూరా తిరిగి, సభల్లో మాట్లాడి, చందాలు అడిగారు. యుద్ధం ముగిసే కాలం దాకా అక్కడే ఉన్నారు. ఇక్కడ మిగిలినవాళ్లు ఉన్నదానితోనే పని మొదలుపెట్టారు. అన్నీ సమకూరాక చూద్దామని ఆగలేదు. మద్రాసు విశ్వవిద్యాలయం ముందు తాత్కాలికంగా గుర్తింపు ఇవ్వగా, 1942లో ఎం.బి.బి.ఎస్. తొలి తరగతి మొదలైంది.

అయితే డబ్బు కన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఇంత పెద్ద కళాశాలను ఒక్క మహిళా సంఘాల చందాలతో నడపలేరు. మన దేశంలోని అనేక క్రైస్తవ మిషన్లు కలిసి ఉమ్మడి వైద్య కళాశాల పెట్టుకోవాలని అప్పటికే అనుకుంటున్నాయి. వాళ్లు చేయి కలపాలంటే మగ విద్యార్థులను కూడా చేర్చుకోవాలి. ఆడపిల్లల కోసమని పుట్టిన బడిలో మగపిల్లలా!

అమెరికాలో ఏళ్ల తరబడి ఈ బడికి డబ్బు పోగుచేసిన లూసీ పీబాడీ అనే పెద్దావిడ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. 1920ల మొదట్లో ఆసియాలోని మహిళా కళాశాలల కోసం ఆమె చేసిన కృషి చాలా గొప్పది. ఆడవాళ్లు ఆడవాళ్ల కోసం ఇచ్చిన డబ్బును ఇంకోదానికి వాడితే మాట తప్పినట్టు కాదా అన్నది ఆమె ప్రశ్న. కళాశాలలో మగవాళ్లు అడుగుపెడితే పెత్తనమూ సీట్లూ మెల్లగా వాళ్లవే అవుతాయన్న భయమూ ఉండేది. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. మన చుట్టూ ఎన్ని చోట్ల అలా జరగలేదు?

ఐడా స్కడర్‌కు అది కంటికి రెప్పలా పెంచుకున్న బడి. ఆ ముగ్గురు ఆడవాళ్లను తలుచుకుని కట్టిన బడి. చివరికి ఆమె ఉమ్మడి కళాశాలకే ఒప్పుకున్నారు. పాత స్నేహాలు కొన్ని దెబ్బతిన్నాయి. బడి ఆడపిల్లలకు మాత్రమే అని పట్టుబట్టి మూసేస్తే, రేపు తలుపు తట్టేవాళ్లకు వెళ్లడానికి డాక్టరమ్మే ఉండదు. ఏది గింజో ఏది పొట్టో ఆమె తేల్చుకున్నారు. కష్టకాలంలో ముందుచూపు అంటే ఇదేనని నాకనిపిస్తుంది. దేన్ని పెంచాలో అందరం చెప్పగలం. దేన్ని వదులుకోవాలో చెప్పడానికే గుండె కావాలి.

1946లో నర్సుల బడి కూడా డిగ్రీ ఇచ్చే కళాశాల అయింది. 1947లో ఎం.బి.బి.ఎస్.లో మగ విద్యార్థులు చేరారు.

విశాఖ నుంచి వచ్చిన డాక్టరు

ఇక్కడి నుంచి కథ మనకు మరీ దగ్గరవుతుంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. విదేశీయులు పెట్టిన సంస్థను ఇకమీద ఎవరు నడపాలన్న ప్రశ్న వచ్చింది. ఆ సమయంలో బాధ్యత తీసుకున్నది డాక్టర్ హిల్డా లాజరస్. ఆమె 1890లో విశాఖపట్నంలో పుట్టారు. తండ్రి అక్కడ పేరున్న ఉపాధ్యాయుడు. మద్రాసులో వైద్యం చదివి, కాన్పుల వైద్యంలో బంగారు పతకం తీసుకుని, ఇంగ్లండులో పై చదువు చదివారు. దేశంలో స్త్రీల వైద్య సేవకు అధిపతి స్థాయికి ఎదిగారు. కావాలంటే పింఛను తీసుకుని విశాఖ సముద్రపు గాలిలో హాయిగా ఉండిపోవచ్చు. ఆమె రాయవెల్లూరికి వచ్చి, ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరుగా 1954 దాకా పనిచేశారు. ప్రభుత్వం 1961లో పద్మశ్రీ ఇచ్చింది.

మగపిల్లలను చేర్చుకుంటే పెత్తనం మగవాళ్లదైపోతుందని భయపడ్డారు కదా. వాళ్లు చేరిన కాలంలోనే ఆ సంస్థ పగ్గాలు ఒక తెలుగు ఆడపడుచు చేతికి వచ్చాయి. లూసీ పీబాడీ గారి ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాకపోవచ్చు. మంచి జవాబుల్లో ఒకటి మాత్రం అవును.

ఐడా స్కడర్ 1960లో కొడైకెనాల్‌లో కన్నుమూశారు. ఆమె ఒక్క పడక పెద్ద ఆసుపత్రి అయింది. చిత్తూరు జిల్లాలో దాని ప్రాంగణం ఒకటి ఉంది. 2022లో ఆమె పుట్టిన రాణిపేట దగ్గరే కొత్త ఆసుపత్రి మొదలైంది. అక్కడా తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది.

మళ్లీ మా వరండాకు

ఇంత కథ చెప్పి మా తెలుగు తరగతిని దాని పక్కన నిలబెట్టడం ఆవగింజను కొండతో పోల్చడమే. అయినా మన సంఘాల్లో చాలావాటికి 1938 లాంటి ఏడాది వచ్చే ఉంటుంది, లేకపోతే రాబోతుంది. బరంపురంలోనో, హోసూరులోనో, షోలాపూరులోనో, యానాంలోనో ఈ పత్రిక చదువుతున్నవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. పిల్లలు తగ్గుతారు, చందాలు తగ్గుతాయి, పాత పద్ధతి ఇక కుదరదని ఎవరో చెబుతారు. ఆ చెప్పినవారి మీద మనకు కోపం వస్తుంది.

ఆ రోజు లేచిన పెద్దాయన మాట నేను తీసిపారేయను. ఆయన భయం నిజమైన భయమే. తలుపులు బార్లా తెరిస్తే తరగతి మిగిలి, తెలుగు పోయే ప్రమాదం లేకపోలేదు. కాబట్టి ఏది వదలకూడదో ముందే రాసుకోవాలి. నా లెక్కలో అది ఒక్కటే. తరగతిలో గంటసేపు తెలుగే వినబడాలి. ఎవరి పిల్లలు వింటున్నారన్నది ఆ తర్వాతి మాట. పక్కింటి తమిళ పాప మన అక్షరాలు నేర్చుకుంటే మన అక్షరాలకు వచ్చే నష్టమేమిటి? ఆ పాపతో పోటీపడి మన పిల్లలూ నేర్చుకుంటారేమో.

వచ్చే సమావేశంలో ఈ మాటే చెప్పాలనుకుంటున్నాను. ముందుగా పెద్దాయన ఇంటికి వెళ్లి, ఆయనతో చెప్పి, ఆయన పక్కన కూర్చుని చెబుతాను. మొదటి ఆదివారం కొత్త పిల్లలకు ఓనమాలు ఆయన చేతనే దిద్దించాలని నా కోరిక.