ఫొటోలో సముద్రం ఎంత దూరం?

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నంలో ఒక ఇంటి స్థలం అమ్మకానికి వచ్చిందనుకుందాం. చుట్టూ ఐదడుగుల ప్రహరీ. అక్కడి నుంచి సముద్రం ఒడ్డునున్న లైట్‌హౌస్ మూడు వేల అడుగుల దూరం, అంటే కిలోమీటరుకు కాస్త తక్కువ. బ్రోకరు వాట్సాప్‌లో పంపిన ఫొటోలో మాత్రం లైట్‌హౌస్ ఆ గోడకు ఆనుకునే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎవరూ ఏదీ అతికించలేదు, ఏ యాప్‌తోనూ మార్చలేదు. మరి కిలోమీటరు ఎక్కడికి పోయింది?

లెక్క వేద్దాం. లైట్‌హౌస్ ఎత్తు 70 అడుగులనుకోండి. గోడకు 30 అడుగుల ఇవతల నిలబడి ఫొటో తీస్తే, అందులో లైట్‌హౌస్ ఎత్తు గోడ ఎత్తులో ఏడో వంతు కూడా రాదు. దూరాన పుల్లలా ఉంటుంది. ఇప్పుడు గోడకు వెయ్యి అడుగుల దూరం వచ్చేదాకా వెనక్కి నడవండి. గోడ ముప్ఫై మూడో వంతుకు చిక్కిపోతుంది. లైట్‌హౌస్ దూరం మాత్రం 3,030 అడుగుల నుంచి 4,000 అడుగులే అయింది కాబట్టి దాని సైజు పావు వంతే తగ్గుతుంది. ఫలితంగా అది గోడకు మూడున్నర రెట్లు ఎత్తున నిలబడుతుంది. ఇక జూమ్ చేస్తే రెండూ ఒకే నిష్పత్తిలో పెద్దవై, ‘బీచ్ పక్కనే’ అనే మాటకు బొమ్మ సిద్ధం. నింద జూమ్ లెన్సు మీద పడుతుంది కానీ లెన్సు చేసింది కత్తిరించి పెద్దది చేయడమే. దూరాన్ని మింగింది ఫొటో తీసిన మనిషి నిలబడిన చోటు.

గది లోపల ఇదే సూత్రం తిరగబడుతుంది. పదడుగుల పడకగదిలో వెనక్కి జరిగే వీలుండదు. అందుకని మూలకు ఒదిగి, ఫోను కెమెరాలో 0.5 (అల్ట్రావైడ్ లెన్సు) నొక్కుతారు. ఆ లెన్సు అడ్డంగా వంద డిగ్రీలు దాటి చూస్తుంది. దగ్గరున్న మంచం పెద్దదిగా, ఎదుటి గోడ చిన్నదిగా పడతాయి. చిన్నదిగా కనిపించేదాన్ని దూరంగా ఉన్నట్టు పోల్చుకోవడం మన మెదడుకు అలవాటు. నిజానికి ఆ ఫొటోలోని లోతు సరిగ్గా కనిపించాలంటే, 14 సెంటీమీటర్ల వెడల్పున్న ఫోను తెరను కంటికి 5 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకోవాలి. అంత దగ్గరగా మామూలు కన్ను స్పష్టంగా చూడలేదు. మనం చూసేది 30 సెంటీమీటర్ల నుంచి. అంటే జ్యామితి ప్రకారం గది లోతు ఆరు రెట్లు సాగుతుంది. మెదడు కొంత సర్దుకుంటుంది కానీ పూర్తిగా కాదు.

ఇలాంటి ఫొటోను పట్టుకోవాలంటే అంచులు చూడండి. సరళరేఖలను వంచకుండా ఉంచడానికి ఈ లెన్సు అంచుల దగ్గర బొమ్మను సాగదీస్తుంది. మధ్య నుంచి 50 డిగ్రీల పక్కకు ఉన్న వస్తువు దాదాపు 2.4 రెట్లు సాగుతుంది. అంచున ఉన్న బంతి లాంటి గుండ్రటి లైటు కోడిగుడ్డు ఆకారంలో ఉంటే గది అంత పెద్దది కాదని అర్థం.

ఇంటి బయట కెమెరాను పైకి వంచి తీసిన మేడల గోడలు పైన దగ్గరకు వంగినట్టు వస్తాయి. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్ ప్యాలెస్‌లను ఫొటో తీసిన కాలంలో పెద్ద చెక్క కెమెరాలకు, పెట్టెను కదపకుండా లెన్సును మాత్రమే పైకి జరిపే ఏర్పాటుండేది. ఇప్పుడు ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. ఇది మోసం కాదు, మర్యాద. నిలువు గోడ నిలువుగానే కనిపించాలి.

వెలుతురు విషయంలో మన జిల్లావాళ్లకు కొత్తగా చెప్పాల్సింది తక్కువ. అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. సూర్యుడు పొడిచే చోటు రోజూ జరుగుతూ, ఏడాదిలో రెండుసార్లు ఒకే బిందువుకు వస్తుంది కాబట్టే రెండు తేదీలు. ఇంటి ముందుభాగం ఫొటోకు కూడా ఈ లెక్కే అక్కరకొస్తుంది. తూర్పు ముఖం ఇల్లయితే పొద్దున్నే తీయాలి. మధ్యాహ్నం దాటితే గుమ్మం నీడలో పడుతుంది. కళింగపట్నం భారత ప్రామాణిక కాల రేఖకు ఒకటిన్నర డిగ్రీలకు పైగా తూర్పున ఉంది కనుక ఇక్కడ సూర్యుడు గడియారం కంటే సగటున ఆరు నిమిషాలు ముందుంటాడు. ఫొటోగ్రాఫర్ అంత త్వరగా లేవాలి మరి! ఉత్తర ముఖం ఇంటి సంగతి వేరు. మే మధ్య నుంచి జులై నెలాఖరు దాకా ఇక్కడ నడినెత్తి సూర్యుడు ఉత్తరానికి వాలి ఉంటాడు, కాబట్టి గుమ్మం మీద రోజంతా ఎండ పడుతుంది. చలికాలంలో ఒక్క కిరణం కూడా పడదు. ఉత్తర ముఖం ఇల్లు జనవరిలో దిగులుగా కనిపిస్తే తప్పు ఇంటిది కాదు.

లోపలి నుంచి కిటికీతో సహా తీయడం ఇంకో చిక్కు. బయట ఎండ లక్ష లక్స్‌లు, గదిలో రెండు మూడు వందలు. ఒక్క క్లిక్‌లో రెండూ రావు. గది కనిపిస్తే కిటికీ తెల్లగా పేలిపోతుంది, సముద్రం కనిపిస్తే గది చీకటి. అందుకే వేర్వేరు వెలుగుల్లో మూడు నుంచి ఐదు ఫొటోలు తీసి కలుపుతారు. చీకటి గది కూడా ఇలా వెలుగుల గదిగా మారిపోతుంది కనుక, ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు లైట్లన్నీ ఆర్పించి చూడటం మంచిది.

వీడియోలో గోడల మీద నల్లటి చారలు పాకడం చూసే ఉంటారు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది, నాసిరకం ఎల్‌ఈడీ బల్బు 100 సార్లు మినుకుమంటుంది. షట్టర్ సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెడితే చారలు పోతాయి.

అసలు మాయ డ్రోన్‌ది. నేల మీద నిలబడిన మనిషికి సముద్రం మీద నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో కనిపించే దిగంతం, 120 మీటర్ల ఎత్తున్న డ్రోన్‌కు 39 కిలోమీటర్ల దాకా విస్తరిస్తుంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం అనుమతి అడగక్కర్లేని గ్రీన్ జోన్‌లో పరిమితి ఆ 120 మీటర్లే, అంటే 400 అడుగులు. కానీ కొనేవాడు ఉండబోయేది 400 అడుగుల ఎత్తున కాదు, డాబా మీద. అక్కడి నుంచి చూస్తే ముందున్న సరుగుడు తోటే సముద్రానికి అడ్డం. కనుక డాబా ఎత్తులో తీసిన వీడియో అడగండి. అది లేదంటే ‘సీ వ్యూ’ కూడా లేదనే లెక్క.

ఎంత మంచి కెమెరాకైనా పట్టనివి కొన్నున్నాయి. ఆటు వేళ తీసిన ఫొటోలో ఇసుక తీరం వెడల్పుగా ఉంటుంది, పోటులో నీరెక్కడిదాకా వస్తుందో అందులో ఉండదు. ఆ పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా తీర ప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) ఆంక్షలుంటాయి, ఆ గీతా కనిపించదు. వంశధార నది సముద్రంలో కలిసే చోట ఇసుక తిన్నెలు ఎప్పుడూ ఒకే చోట ఉండవు. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన 20 కిలోమీటర్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజున ఆ స్థలం ఎలా ఉంటుందో ఊళ్లో వాళ్లని అడిగితేనే తెలుస్తుంది.

ఇక చట్టం సంగతి. 500 చదరపు మీటర్లు, అంటే పన్నెండు సెంట్లకు కాస్త పైన, దాటిన లేఅవుట్‌ను రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు చేయకుండా ప్రచారం చేయకూడదు. ప్రకటనలో ఆ నంబరు కనిపించాలి. 2016 రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోని తప్పుడు సమాచారం నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోయిన వ్యక్తికి ప్రమోటర్ పరిహారం ఇవ్వాలి. వద్దనుకుంటే డబ్బు వడ్డీతో సహా వెనక్కి ఇవ్వాలి. చట్టం దృష్టిలో ఏ రూపంలో చేసిన ప్రచారమైనా ప్రకటనే. అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ ఫొటోలు, వీడియోలు వచ్చిన తేదీతో సహా దాచిపెట్టుకోండి.